ఆ ఫారంపాండ్‌లోకి ఒక నిచ్చెన దించండి

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. నాలుగెకరాల చీనీ (బత్తాయి) తోట, మూడెకరాల శెనక్కాయ చేను ఉన్నాయి. ఇంటి ముందర చిన్న కిరాణా అంగడి నేను చూసుకుంటాను. పోయిన నెల మా తోటలో నీళ్ల కోసం తవ్వి షీటు పరిచిన ఫారంపాండ్‌లో ఒక గుంటనక్క పడి చచ్చిపోయింది. తెల్లారి మా పిల్లోడే చూశాడు, రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. అదే వారం పక్కింటివాళ్లు శెనక్కాయ కట్టె వామిలో దూరిన జెర్రిపోతును కొట్టి చంపారు. ఊరి వెనక గుట్ట ప్రతి ఎండాకాలం కాలుతూనే ఉంటుంది. తొలకరిలో పిల్లోడు ఒక నక్షత్ర తాబేలును తెచ్చి నీళ్ల టబ్బులో పెట్టుకున్నాడు, అది ఇంకా మా ఇంట్లోనే ఉంది. మా మామను అడిగితే ‘అడవి సంగతి ఫారెస్టోళ్లు చూసుకుంటారులే, నీకెందుకమ్మా’ అంటాడు. నిజానికి మా ఊళ్లో అడవి కూడా లేదు. డబ్బూ పలుకుబడీ లేని మాలాంటివాళ్లు చేయగలిగింది ఏమైనా ఉందా? ఊరి బీడంతా మొక్కలు నాటిద్దామని మా మహిళా సంఘంలో అనుకుంటున్నాం. అది మంచిదేనా?

— ఒక సోదరి, అనంతపురం జిల్లా

సమాధానం:

అమ్మా,

ముందు తాబేలు సంగతి చూడండి, మిగతావి రేపటిదాకా ఆగుతాయి. దాన్ని ఇప్పుడే టబ్బులోంచి తీసి పొడి అట్టపెట్టెలో పెట్టండి. గాలి ఆడటానికి నాలుగు రంధ్రాలు, అడుగున కాస్త ఎండుగడ్డి ఉంటే చాలు. నక్షత్ర తాబేలు మెట్ట నేల మీద బతికే జీవి. దానికి ఈత రాదు, నీళ్లు లోతైతే మునిగి చచ్చిపోతుంది. గడ్డి, లేత ఆకులు, రాలిన పండ్లు తింటూ పొదల్లో తిరుగుతుంది. వానలు పడ్డాక ఎక్కువగా బయటికొస్తుంది కాబట్టి అప్పుడే పిల్లల కంట పడుతుంది. దొరికిన రోజే అయితే, తెచ్చిన చోట పొద కింద వదిలేస్తే సరిపోయేది. ఇన్నాళ్లు ఇంట్లో ఉంది కాబట్టి దానికేదైనా జబ్బు అంటి ఉండొచ్చు. దాన్ని మీ అంతట మీరు గుట్టలో వదలొద్దు. దగ్గర్లోని ఫారెస్ట్ రేంజ్ ఆఫీసుకు ఫోన్ చేసి అప్పగించండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని ఇంట్లో ఉంచుకోవడం నేరం కాబట్టి ఆలస్యం చేయకండి. పిల్లోణ్ని తిట్టొద్దు, వెంట తీసుకెళ్లండి. ఎక్కడ దొరికిందో, ఎప్పుడు దొరికిందో వాడినే చెప్పనివ్వండి.

ఇంకో మాట. తాబేలు ఇంట్లో ఉంటే లక్ష్మి నిలుస్తుందని, రెండు తలల పాముకు లక్షలు పలుకుతాయని చెప్పుకుంటూ పల్లెల్లో తిరిగేవాళ్లుంటారు. రెండు తలల పాముకు ఉన్నది ఒకటే తల. తోక మొద్దుగా ఉండి తలలా కనిపిస్తుంది. దానికి విషం లేదు, మట్టిలో దూరి ఎలుకలను తిని బతుకుతుంది. ఊళ్లో ఏ బేరం నడిచినా అంగడిలో కూర్చున్నవాళ్ల చెవిన పడుతుంది. ఇలాంటి బేరం మీ చెవిన పడితే రేంజ్ ఆఫీసుకు చెప్పండి. అడవి కుందేళ్లు, కౌజులు, ఉడుములు అమ్మకానికి తెచ్చేవాళ్ల దగ్గర మీ ఇంట్లో ఎవరూ కొనకండి. కొనేవాళ్లు లేకపోతే ఉచ్చులు పెట్టేవాళ్లూ తగ్గుతారు.

ఇక మీ అసలు ప్రశ్న. ‘మా ఊళ్లో అడవి లేదు’ అని రాశారు. ఈ ఒక్క మాట నేను ఒప్పుకోను. నల్లమల, శేషాచలం లాంటి దట్టమైన అడవులే అడవులనుకుంటే మన జిల్లాలో సగం ప్రాణులకు ఇల్లే లేనట్టు. కృష్ణజింక మన రాష్ట్ర జంతువు. దానికి కావాల్సింది చెట్ల గుబురు కాదు, నాలుగు దిక్కులా చూపు ఆనే బయలు. గుంటనక్క బొరియ తవ్వేది బీటి నేలలో. తోడేలు తిరిగేది గొర్రెల మందలు తిరిగే చోటే. ఎలుగుబంటి పగలంతా గుట్టల్లో, రాళ్ల సందుల్లో పడుకుని చీకటి పడ్డాక చెదల కోసం, రేగు పండ్ల కోసం, సీతాఫలాల కోసం కిందికి దిగుతుంది. అంటే మన వన్యప్రాణులు మన చేలగట్ల మీద, వంకల్లో, చెరువు కింద, మీ తోట వెనకే బతుకుతున్నాయి. అవి చచ్చిపోతున్నది కూడా చాలామటుకు మనం తవ్విన గుంటల్లో, మనం పెట్టిన మంటల్లో, మన భయం వల్ల. ఫారెస్టోళ్లు మీ తోటలోకి వచ్చి వీటిని సరిచేయలేరు, మీరైతే చేయగలరు.

ఆ ఫారంపాండ్ గట్టు మీద ఒకసారి నిలబడి లోపలికి చూడండి. నీటి అంచు దగ్గర నల్ల షీటు మీద పాకుడు పట్టి జారుడుగా ఉంటుంది. నక్క పడిన వైపు షీటు మీద సన్నని తెల్లటి గీతలు కనిపిస్తాయి. ఒకదాని మీద ఒకటిగా నీటి మట్టం దగ్గర మొదలై జానెడు పైకి వచ్చి ఆగిపోతాయి. అవి దాని గోళ్ల గీతలు. నీళ్లు తాగడానికి దిగిన జంతువుకు మళ్లీ ఎక్కడానికి పట్టు దొరకదు. అంచు వెంబడే ఈదుతూ, ప్రతి మూలా ప్రయత్నించి, అలసిపోయి మునుగుతుంది. ముంగిసలు, ఉడుములు, జింక పిల్లలు, కుక్కలు ఇలాగే పోతాయి. మనుషుల పిల్లలు కూడా పోతున్నారమ్మా. ఎండాకాలం సెలవుల్లో ఆ వార్తలు మీరూ చదివే ఉంటారు.

చీనీ తోటలో పాత డ్రిప్ పైపులు ఎక్కడో ఒకచోట చుట్టలుగా పడి ఉంటాయి. లావు పైపులు రెండు పొడుగ్గా తీసుకుని, మధ్యలో జానెడుకొక అడ్డం వచ్చేలా సన్న పైపులతో నిచ్చెనలా అల్లండి. ఒక కొసను గట్టు మీద గట్టి గూటానికి కట్టి, రెండో కొసకు బరువుగా ఒక రాయి కట్టి నీళ్లలోకి దించండి. షీటు చిరగకుండా రాయికి గోనెపట్టా చుట్టండి. ఏప్రిల్‌లో నీళ్లు అడుగంటినప్పుడు కూడా అందేంత పొడవు ఉండాలి. ఒకటి చాలదు, ఎదురెదురు మూలల్లో రెండైనా వేయండి. పైపులు లేకపోతే లావు కొబ్బరి తాడుతో అల్లిన వల పనికొస్తుంది, మట్టి నింపిన యూరియా సంచులు మెట్లుగా పేర్చినా సరే. ఖర్చు దాదాపు ఏమీ ఉండదు. చేతిపని తెలిసిన మీ మామ ఒక పూటలో అల్లేస్తాడు. పక్క తోటలవాళ్లకు నక్క పేరు చెబితే చెవిన పెట్టకపోవచ్చు. వాళ్ల పిల్లల సంగతి చెప్పండి. పిల్లోడు జారిపడితే చేతికందేది కూడా ఆ నిచ్చెనే.

జంతువులు పాండ్‌లోకి దిగే అవసరమే లేకుండా కొంత చేయొచ్చు. తోట బయట, ఇంటికి దూరంగా, పొదల పక్కన నేలకు సమంగా ఒక రాతి తొట్టి పాతండి. లోతు జానెడు మించకూడదు. తేనెటీగలు, తొండలు ఎక్కి బయటపడటానికి లోపల ఒక గరుకు రాయి ఉంచండి. రెండు మూడు రోజులకోసారి పారబోసి కడిగి మళ్లీ నింపాలి, లేకపోతే దోమలు పెరుగుతాయి. నీళ్లు పెట్టండి, తిండి మాత్రం పెట్టొద్దు. తిండికి అలవాటైన ఎలుగు, కోతి ఊరికీ కష్టమే, వాటికీ కష్టమే. బోర్లు వచ్చాక ఎండిపోయిన పాత బావి ఏదైనా ఉంటే దాని చుట్టూ కంప వేయించండి.

జెర్రిపోతు గురించి చదివి బాధ కలిగింది. ఎలుకలు తిని మీ గింజలు కాపాడే పాము అది, విషం లేదు. పక్కింటివాళ్లనూ నేను తప్పుపట్టలేను, ఇంట్లో పసిబిడ్డలున్నవాళ్లకు ఏ పామైనా పామే. భయం తగ్గకుండా ‘చంపొద్దు’ అని ఎంత చెప్పినా ఎక్కదు. కాబట్టి ముందు వామిని జరిపించండి. శెనక్కాయ కట్టె వామి ఇంటి గోడకు ఆనుకుని ఉంటే కాయల కోసం ఎలుకలు చేరతాయి, ఎలుకల కోసం పాములొస్తాయి. వామిని ఇంటికి దూరంగా, రాతి కట్ట మీద వేయించండి. రాత్రి బయటికి పోతే టార్చి, కాలికి చెప్పు తప్పనిసరి. మన దగ్గర ప్రాణం తీసేవి ప్రధానంగా నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. ఈ నాలుగింటినీ, జెర్రిపోతునూ బొమ్మల్లో పక్కపక్కన చూపించే అట్ట ఒకటి మీ అంగడి గోడకు తగిలించండి. సరుకులకొచ్చినవాళ్లు నిలబడి చూస్తారు. దాని కింద పెద్ద అక్షరాలతో ఇది రాయండి: కాటు పడితే 108కి ఫోన్ చేయాలి, కరిచిన కాలు కదపకుండా ప్రభుత్వాసుపత్రికి పోవాలి, కోయొద్దు, నోటితో పీల్చొద్దు, బిగించి కట్టొద్దు, పసరు మందుతో పొద్దు పుచ్చొద్దు. ఆసుపత్రిలో ఇచ్చే విరుగుడు మందు ఈ నాలుగు పాముల విషానికీ పనిచేస్తుంది. ఈ ఒక్క సంగతి అందరికీ తెలిస్తే కర్ర కోసం పరుగెత్తేవాళ్లు తగ్గుతారు.

ఎలుగుబంటికీ ఇదే వర్తిస్తుంది. మీ వైపు మనుషుల మీద పడిన సంఘటనలున్నాయి కాబట్టి తేలిగ్గా తీసిపారేయను. మబ్బున (తెల్లారకముందే) చేనికి పోయేవాళ్లు ఒంటరిగా కాకుండా ఇద్దరు ముగ్గురు కలిసి, మాట్లాడుకుంటూ, టార్చి వేసుకుని పోవాలి. హఠాత్తుగా ఎదురుపడితేనే అది మీదికి వస్తుంది, అందులోనూ పిల్లల తల్లి అయితే మరీ. ఊళ్లోకి వచ్చిన ఎలుగును వందమంది చుట్టుముట్టి ఫోన్లు పట్టుకుని తరమడం కంటే ప్రమాదం లేదు. దానికి పారిపోయే దారి ఇవ్వాలి, ఫారెస్టోళ్లకు కబురు చేయాలి.

అడవి పందుల పేరు మీరు రాయలేదు గానీ, శెనక్కాయ చేను ఉన్న ఇంట్లో ఆ బాధ లేకుండా ఉండదు. ఎవరేమన్నా చేనుకు కరెంటు తీగ మాత్రం కట్టనివ్వకండి. దానికి పందికంటే ముందు ఎవరు తగులుతారో చెప్పలేం. చేను చుట్టూ నాలుగు సాళ్లు కుసుమ వేస్తే, ముళ్లకు పందులు లోపలికి రావడానికి వెనకాడతాయి. వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పే పద్ధతే ఇది, కుసుమ గింజల మీద నాలుగు రూపాయలు కూడా వస్తాయి. పంట పోతే అటవీ శాఖ పరిహారం ఇస్తుంది. పొలంలో ఆనవాళ్లు చెరిగిపోకముందే ఫొటోలు తీసి అర్జీ పెట్టండి.

దుక్కి విషయంలో మీ ఆయనకు ఒక చిన్న మాట చెప్పండి. తొలకరి దుక్కిలో ట్రాక్టర్ మీదుగా ఒక తీతువు అరుస్తూ, పడిపోతున్నట్టు నటిస్తూ తిరిగిందంటే గుడ్లు దగ్గర్లోనే ఉన్నాయని అర్థం. అది గూడు కట్టదు. గులకరాళ్ల మధ్య చిన్న గుంటలో, మట్టి రంగు మీద నల్లని మచ్చలున్న గుడ్లు పెడుతుంది. నాలుగు గుడ్ల మొనలూ లోపలి వైపు తిరిగి ఉంటాయి. రాళ్లలో రాళ్లలా కలిసిపోయే ఆ గుడ్లు ట్రాక్టర్ మీద కూర్చున్నవాళ్లకు కనిపించవు. ఒక్క నిమిషం దిగి వెతికి, చుట్టూ మూడు నాలుగు పెద్ద రాళ్లు పెట్టి, ఆ బారెడు నేల వదిలేసి దున్నమనండి. పిల్లలు గుడ్లలోంచి బయటికొచ్చాక త్వరలోనే నడిచి వెళ్లిపోతాయి, తర్వాత ఆ చోటూ దున్నుకోవచ్చు. తీతువు అరిస్తే కీడని పెద్దవాళ్లు అంటారు. అది అరిచేది తన గుడ్ల కోసం.

ఇప్పుడు మీ మహిళా సంఘం ఆలోచన. మీ ఉత్సాహం తగ్గించాలని కాదు గానీ, బీడంతా మొక్కలు నాటొద్దు. ఇది చాలామందికి మింగుడుపడని మాటని తెలుసు. బీడు ఖాళీగా కనిపిస్తుంది గానీ ఖాళీ నేల కాదు. ఆ గడ్డి కృష్ణజింకకు మేత, భరత పిట్టలకు, కౌజులకు గూడు, మీ గొర్రెలకు కూడా ఆధారం. కర్నూలు వైపు రోళ్లపాడు చూడండి. బట్టమేక కోసం 1988లో అక్కడ అభయారణ్యం ఏర్పాటు చేశారు. మీటరు ఎత్తుండే ఆ పెద్ద పక్షికి విశాలమైన గడ్డినేలలే కావాలి. చుట్టుపక్కల బీళ్లు పంట పొలాలైపోయాయి, కరెంటు లైన్లు పెరిగాయి. బట్టమేక అక్కడ దాదాపు కనుమరుగైపోయింది. గడ్డినేల పోతే దాన్ని మొక్కలతో పూడ్చలేం.

నాటాలనుకుంటే ఇళ్ల పక్కన, బడి ఆవరణలో, చెరువు కట్ట కింద, దారి వెంబడి నాటండి. మర్రి, రావి, మేడి, చింత, వేప, కానుగ ఎంచుకోండి. మేడి, మర్రి పండ్ల మీద ఎండాకాలంలో బతికే పక్షులు లెక్కలేనన్ని. నర్సరీలో ఉచితంగా ఇస్తున్నారని కోనోకార్పస్ అనే విదేశీ మొక్కను తెచ్చుకోకండి. బీటిలో సంఘం చేయగలిగిన మంచి పని వేరే ఉంది. పాకి వచ్చిన సర్కారు తుమ్మను వేళ్లతో సహా తీయించి గడ్డిని బతకనివ్వండి. వంట చెరుకు కూడా దొరుకుతుంది. రేగు, కలివి పొదలను మాత్రం తాకొద్దు.

కలివి అంటే మన పక్క కడప జిల్లా కథ ఒకటి చెప్పాలి. కలివికోడి అనే రాత్రి తిరిగే పక్షిని 1848లో శాస్త్రవేత్తలు మొదట నమోదు చేశారు. 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు, అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986లో లంకమల కొండల పక్కన రెడ్డిపల్లె దగ్గర అది మళ్లీ దొరికింది. దాన్ని పట్టిచ్చింది ఐతన్న అనే ఊరి మనిషి. రాత్రిపూట ఆ పొదల్లో తిరిగే అలవాటూ, ఆ పక్షి నడక తెలిసిన కన్నూ ఆయనవి. దాని కోసమే తర్వాత అక్కడ శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. ‘నీకెందుకమ్మా’ అన్న మీ మామకు ఈ కథ చెప్పండి. ఏ గుట్టలో ఏ నెలలో ఏ పండు పండుతుందో, తోడేళ్లు ఎటునుంచి దిగుతాయో ఆయనకు తెలిసినంత నాకు తెలియదు, ఆఫీసర్లకూ తెలియదు. ఆయన్ను పక్కన పెట్టి ఈ పనులు జరగవు.

గుట్ట మంటల విషయంలో ఆయన సాయం మరీ ముఖ్యం. నిప్పు పెడితే వానలకు గడ్డి బాగా వస్తుందని కాపరులు నమ్ముతారు. పైపైన పచ్చగా కనిపించే మాట నిజమే. కానీ ఏటా కాలిస్తే గడ్డి గింజలు, లేత మొక్కలు, నేల మీది గుడ్లు, తాబేళ్లు అన్నీ పోతాయి. మట్టి వానకు కొట్టుకుపోయి కుంటలో చేరుతుంది. రక్షిత అడవిలో నిప్పు పెట్టడం చట్టప్రకారం నేరమే గానీ, కాపరులతో మాట కేసుల బెదిరింపుతో మొదలుపెట్టొద్దు. వాళ్లకూ ఎండాకాలంలో మేత కావాలి. శివరాత్రికి ముందే మీ మామలాంటి పెద్దమనిషి నలుగురు కాపరులను రచ్చకట్ట మీద కూర్చోబెట్టి అడగాలి: ఈ ఏడు గుట్టలో సగమైనా కాలకుండా ఉంచుదామా, ఆ గడ్డి కోసుకుని దాచుకుందామా అని. ఒక్క ఏడు నిలిచిన గడ్డిని వాళ్లే చూస్తే రెండో ఏడు మాట సులువవుతుంది. దారి పక్కన బీడీ పారేసే చోట్ల ఎండుగడ్డి గీకించడం కూడా మంటలు తగ్గిస్తుంది.

ఊరంతా కలిస్తే ఏమవుతుందో చూడాలంటే చిలమత్తూరు మండలం వీరాపురం పోయి రండి, మన ఉమ్మడి జిల్లాలోనే ఉంది. అక్కడ దట్టమైన అడవి లేదు. ఇళ్ల మధ్య చింతచెట్ల మీద ఎర్రకాళ్ల కొంగలు వచ్చి గూళ్లు కట్టి పిల్లలను పెంచుతాయి. ఊరివాళ్లు వాటిని కొట్టరు, కొట్టనివ్వరు, చింతచెట్లను నరకరు. వాటిని సైబీరియా కొంగలని రాస్తుంటారు గానీ అవి మన దేశపు పక్షులే. చుట్టుపక్కల చెరువుల్లో నీళ్లు, చేపలు లేకపోతే పిల్లలకు తిండి చాలదు. మీ చెరువులో కూడా పూడిక తీసేటప్పుడు నీళ్లలోని నల్లతుమ్మలను నరకనివ్వకండి. నీటి పక్షులు వాటి మీద కూడా గూళ్లు పెడతాయి.

పలుకుబడి లేదన్నారు కదా, మీకు చట్టం ఇచ్చిన ఒక చోటు ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య నిర్వహణ కమిటీ ఉండాలి. ఊళ్లోని మొక్కలు, జంతువులు, వాటి గురించి పెద్దలకు తెలిసిన సంగతులు రాసే ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ తయారుచేయడం దాని పని. కమిటీలో మహిళలకు చోటు తప్పనిసరి. వచ్చే గ్రామసభలో సర్పంచ్‌నూ, పంచాయతీ కార్యదర్శినీ అడగండి: మన ఊళ్లో ఆ కమిటీ ఉందా, ఎవరున్నారు, రిజిస్టర్ ఎక్కడుంది అని. కమిటీ కాగితం మీదే ఉంటే మీ సంఘం నుంచి ఇద్దరు చేరతామని అర్జీ రాసివ్వండి. రేపు గుట్టకు క్వారీ వస్తుందన్నా, బీడు వేరే పనికి పోతుందన్నా, అక్కడ ఏమేం బతుకుతున్నాయో చూపించడానికి ఊరి చేతిలో ఉండే కాగితం అదే.

ఆ రిజిస్టర్‌కు మొదటి పేజీలు మీ ఇంట్లోనే రాయొచ్చు. పిల్లోడికి ఒక నోట్‌బుక్ కొనివ్వండి, తాతను వెంటబెట్టి ఆదివారం పొద్దున గుట్ట వైపు పంపండి. చూసిన ప్రాణి పేరు తాత చెప్పినట్టే రాయాలి, మీ ఊరి పేరు ఏదైతే అదే. దాని పక్కన తేదీ, చోటు, ఎన్ని కనిపించాయో ఉండాలి. తేదీ, చోటు లేని రాత తర్వాత ఎవరికీ పనికిరాదు, ఆ రెండూ మాత్రం మీరే చూసి రాయించండి.